పాలారు పుట్టినింట చెరువులు: కోలారు సీమ జలచరిత్ర

కోలారు సీమలోని ఒక అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో నేను తెలుగు బోధించుచున్నాను. కొంతకాలము క్రిందట చెరువును గూర్చిన పాఠము చెప్పుచు, "మన ఊరి చెరువునకు నీరెచ్చటినుండి వచ్చును?" అని అడిగితిని. "బెంగుళూరునుండి, గొట్టములో వచ్చును" అని ఒక బాలుడు తడవుకొనక చెప్పెను. తరగతిలో ఎవరును నవ్వలేదు. ఆ సమాధానము తప్పు కాదు గనుక నేనును దిద్దలేకపోతిని. ఇట్టి సమాధానము సత్యమగుటకు ముందు ఈ సీమలో ఏమి జరిగెనో విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఏడాది పొడవునా పారు నది కోలారు సీమలో ఒక్కటియు లేదు. అయినను ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, పాలారు అను మూడు నదులకు నంది పర్వతపంక్తియు, దాని నానుకొనిన ఈ మెట్టభూములును పుట్టినిల్లు. 2007లో చిక్కబళ్ళాపురము వేరు జిల్లా యగువరకు ఇదంతయు ఒక్క కోలారు జిల్లాయే. ఇచ్చటి మిట్టలపై పడిన చినుకు ఒక వాలున జారినచో పెన్నయై నెల్లూరు సీమలో సముద్రమును చేరును. మరియొక వాలున జారినచో కడలూరు వద్ద కలియును. ఇంకొక వాలు పట్టినచో పాలారై కుప్పము ప్రాంతమును దాటి, తమిళనాట వాణియంబాడి, వేలూరుల మీదుగా కల్పాక్కము సమీపమున కడలి గలియును. నీటిని ఇట్లు పంచిపెట్టు మిట్టకు భాషాభేదము తెలియదు, రాజ్యభేదము తెలియదు.

ఏటికి రూపమిచ్చునది ఏటిగట్టుకంటె ముందు దానికి ఎగువనున్న వాలు. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడు ఈ సీమలో రాతిగుట్టల పైమన్ను పలుచన. చెట్టుచేమలు, గడ్డి, పచ్చికబయళ్ళు ఉన్నచోట వాననీటిలో కొంత భూమిలోని కింకి, రాతిపగుళ్ళలో నిలిచి, వానలు వెలిసిన పిదప కూడ నెలల తరబడి వంకలలోనికి ఊటగా దిగును. వాలు బోడియైనచో ఆ నీరే ఒక్క పెట్టున మన్నును కోసికొని పరుగెత్తును. ఏరు చెరువులో ప్రవేశించి వేగము తగ్గినంతనే ముతక ఇసుకను ముఖద్వారమున దింపును. సన్నని ఒండ్రు కట్టదాపునకు పోయి పేరుకొనును. ముఖద్వారపు లోతులేని నీట తుంగ, జమ్ము మొలచి, కొంగలకును చేపపిల్లలకును నెలవగును. కట్టకు దిగువన ఊటచే తడిసిన జవుకునేల ఏర్పడును. కావున చెరువును చూచినవాడు ఎగువ వాలుయొక్క నడవడిని చూచినట్లే.

ఈ రహస్యమును మన పూర్వులు బాగుగ నెరుగుదురు. ఒక చెరువు మరవ పారిన నీరు రాజకాలువ వెంట దిగువ చెరువును నింపును. అది నిండి తరువాతి దానిని నింపును. ఇట్లు లోయ పొడవునా గొలుసుకట్టుగా చెరువులు వెలసినవి. సముద్రము, సంద్రము, సాగరము అని ముగియు గ్రామనామములు అందుకు సాక్ష్యము. తూము తీసి మడిమడికి నీరు పంచుటకు నీరుగంటి యుండెడివాడు. మైసూరు ప్రధాన ఇంజనీరు మేజర్ శాంకీ 1866లో, సంస్థానపు భూభాగములో సుమారు 60 శాతము చెరువుల ఏర్పాటు క్రిందికి వచ్చినదనియు, క్రొత్త చెరువునకు తగిన స్థలము వెదకుట కష్టమనియు వ్రాసెను. పాలారుపై బేతమంగలము చెరువు వీనిలో ప్రాచీనమైనది. విజయాదిత్యమంగలమని దాని పూర్వనామము. నొళంబుల కాలమున తెగిన ఆ కట్టను తిరిగి కట్టించిన సంగతి శాసనము వలన తెలియుచున్నది. తరువాతి కాలమున బంగారు గనుల పట్టణమునకు త్రాగునీరిచ్చినదియు ఆ చెరువే.

పూర్వుల జలజ్ఞానమును గ్రంథస్థమువలె నిలిపినది ఈ సీమలోనే పుట్టిన పెన్న పరీవాహములోని పోరుమామిళ్ల శాసనము. మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు క్రీ.శ. 1369లో వేయించిన ఈ సంస్కృత శాసనము చెరువునకు పండ్రెండు అంగములను, ఆరు దోషములను పేర్కొనుచున్నది. అంగములలో జలశాస్త్ర మెరిగిన విద్వాంసుడు, గట్టి బంకనేల, దూరమునుండి తీపినీరు తెచ్చు నది, కొండలు, వాని నడుమ గట్టి రాతికట్ట, విశాలమై లోతైన గర్భము మున్నగునవి కలవు. కట్ట నొక అంగముగ మాత్రమే లెక్కించి, నదిని, కొండను, మంటిని దానితో సమానముగ నిలిపిరని పాఠకులు గమనింతురు గాక. దోషములలో కట్టనుండి నీరు కారుట, చౌడునేల, గర్భమధ్యమున మిట్ట, నీటికిని నేలకును పొంతన లేకుండుట ఉన్నవి. వీనితోపాటు రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుటయు దోషమనిరి. ఈ చివరి దోషమును చదివినప్పుడెల్ల నాకు పాలారు జ్ఞప్తికి వచ్చును.

ఎగువ దిగువల సంబంధము ఒక్కొక్కప్పుడు భయంకరముగ వెల్లడియగును. 1903 నవంబరులో అతివృష్టివలన మైసూరు సంస్థానములోని పాలారు చెరువుల కట్టలు తెగగా, ఆ వరద దిగువన మదరాసు రాజధానిలోని వాణియంబాడిని ముంచి, అనేకుల ప్రాణములను గొనెను. గొలుసులో ఒక లంకె తెగిన తక్కినవానికిని ముప్పు తప్పదు.

నీరు సమృద్ధిగ లేని ఏండ్లలో తగవులు పుట్టినవి. 1892 ఫిబ్రవరిలో మైసూరు, మదరాసు ప్రభుత్వముల మధ్య కుదిరిన ఒడంబడిక, పేర్కొన్న నదులపై మదరాసు సమ్మతి లేక మైసూరువారు క్రొత్త నీటికట్టడములు నిర్మింపరాదని నిబంధించెను. పాలారు ఆ నదులలో నొకటి. 2006లో కుప్పము సమీపమున పాలారుపై ఆంధ్రప్రదేశ్ తలపెట్టిన ఆనకట్టను గూర్చి తమిళనాడు సుప్రీంకోర్టు నాశ్రయించెను. దిగువవారి భయము నిరాధారమైనది కాదు. అయినను ఈ తగవులలో మాటయంతయు కట్టడములను గూర్చియే నడచినది. వాలును గూర్చి ఏ ఒడంబడికయు పట్టించుకొనలేదు. నదిని ఎండగట్టుటలో మాత్రము వాలు మార్పునకు పెద్ద పాలు కలదు.

ఆ మార్పు ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున వచ్చినది. పచ్చికబయళ్ళలోను, మెట్టచేలలోను నీలగిరి తోటలు విస్తరించినవి. చెరువు నీటిపై ఆధారపడిన రైతు మొదట బావిని, పిదప బోరును ఆశ్రయించెను. నేడు వేయి అడుగులు దాటి త్రవ్వినను నీరు పడని చోట్లు కలవు. భూగర్భజలము వంక అడుగునకంటె పైనున్నంతవరకు వంకలోనికి ఊట దిగును; అది క్రిందికి జారినచో వంకనీరే భూమిలోని కింకిపోవును. పూర్వము కార్తీకము దాటియు పారిన వంక ఇట్లు వానపడిన రోజునకు మాత్రమే వంకయైనది. రాజకాలువలు ఆక్రమణలచే మూసికొనిపోగా, పూడిక పెరిగి గర్భమధ్యమున మిట్ట లేచినది. ఆరువందల యేండ్లనాడు శాసనము దోషమని చెప్పినదే అయ్యెను. క్రొత్తగా నీలగిరి నాటుటను కర్ణాటక ప్రభుత్వము 2017లో నిషేధించినది. పాత తోటలు పలుచోట్ల నిలిచియున్నవి.

ఇట్టి స్థితిలో, బెంగుళూరు కోరమంగల–చల్లఘట్ట లోయలోని మురుగును శుద్ధిచేసి కోలారు చెరువులకు పంపు పథకము 2018లో ప్రారంభమైనది. రోజుకు 440 మిలియన్ లీటర్ల నీటితో 126 చెరువులను నింపవలెనని సంకల్పము. ఏండ్ల తరబడి ఎండిన చెరువులు నిండినవి. బావులలో నీరూరినదని రైతులు సంతోషించిరి. శుద్ధి చాలదని, మరియొక అంచె అవసరమని ఆందోళన చేసినవారును కలరు. ఆ రెండు మాటలలోను సత్యమున్నది. దాహముతో నున్నవానికి నీరు తెచ్చిన పనిని నేను నిందింపజాలను. కాని గొట్టపు నీరు చెరువును నింపునేగాని వాలును బాగుచేయదు.

మొన్నటి వేసవిలో ఒక ఆదివారము ఆ పిల్లలను వెంటబెట్టుకొని చెరువుకట్ట నుండి ఎగువకు నడచితిని. తూము, మరవ, వంక, రాజకాలువ అను పదములను పుస్తకములో చదివినవారు వానిని నేలపై వెదకిరి. కాలువ రెండుచోట్ల చేలలో మాయమైనది. నడుమ ఒక వృద్ధరైతు మాకు దారి చూపి, "ఈడ చిన్నప్పుడు చేపలు పట్టేవాళ్లం నాయనా" అనెను. తుదకు నీలగిరి తోట దాటి మిట్టనెక్కితిమి. ఆనాడు గొట్టమును గూర్చి చెప్పిన బాలుడు అటునిటు చూచి, "ఈడ వాన పడితే సగం మన చెరువుకు, సగం అవతలికి పోతాదా సార్?" అని అడిగెను. అవునంటిని. ఈసారి వానపడిన మరునాడే మరల వచ్చి చూడవలెనని వారు నిశ్చయించుకొనిరి.

చెరువు పదములు మన భాషలో మిగిలియున్నవి. అవి నిఘంటువులకు మాత్రమే పరిమితము కాకుండవలెనన్న కట్టను కాచినట్లే వాలును కాచుకొనవలెను. పాలారు మూడు రాష్ట్రముల నది. అది పుట్టినచోట నివసించు తెలుగువారికి ఈ విషయమున బాధ్యత మొదటిది.