మంత్రసానికీ నర్సుకీ మధ్య మెట్లు కట్టిన దుర్గాబాయి

ఈ ఎపిసోడ్ కథ కాకినాడలో మొదలవుతుంది. మద్రాసు, ఢిల్లీ తిరిగి, చివరికి మన అమలాపురం, రాజోలు వైపు గోడల మీద కనిపించే 'నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు, వెంటనే ఉద్యోగం' పోస్టర్ దగ్గరికి వస్తుంది. కాస్త ఓపిగ్గా వినండి, మధ్యలో ఫార్వర్డ్ కొట్టొద్దు.

ముందు ఒక లెక్క. 1946లో భోర్ కమిటీ అని ఒక కమిటీ మన దేశ ఆరోగ్యం మీద పెద్ద రిపోర్టు ఇచ్చింది. అందులో ఏముందంటే, అప్పటి బ్రిటిష్ ఇండియా మొత్తానికి నర్సులు సుమారు 7,000 మంది. అంటే 43,000 మంది జనానికి ఒక్క నర్సు. శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు సుమారు 5,000 మంది, 60,000 మందికి ఒకరు. ఇప్పుడు మీ మండలం జనాభా ఎంతో గూగుల్ చేసి చూడండి. దాదాపు మండలం మొత్తానికి ఒక్కరన్నమాట. ఆ ఒక్కరైనా పల్లెల్లో ఉండేవాళ్లా? ఉండేవాళ్లు కాదు, టౌన్లలోనే ఉండేవాళ్లు.

మరి మన తాతమ్మలకి పురుళ్లు ఎవరు పోశారు? మంత్రసాని. మన వైపు ఎక్కువగా మంగలి, చాకలి, దళిత కుటుంబాల ఆడవాళ్లే ఆ పని చేసేవారు. వర్షం పడుతున్నా, అర్ధరాత్రి అయినా, గోదావరి పొంగి లంకలు మునిగినా పిలిస్తే వచ్చేది ఆవిడే. చేతిలో పనితనం ఉంది, కానీ శుభ్రత గురించి చెప్పినవాళ్లు లేరు. దొరికిన కత్తితో బొడ్డు కోస్తే పసిబిడ్డకి ధనుర్వాతం వచ్చేది. తప్పు ఆవిడది అనడం చాలా తేలిక. నేర్పాల్సినవాళ్లు ఆవిడ గుమ్మం దాకా వెళ్లలేదు కదా.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం ఒక ప్లాన్ వేసింది. ఫుల్ నర్సు తయారవ్వాలంటే ఏళ్లు పడుతుంది కాబట్టి, ఆవిడకి సహాయకురాలిగా రెండేళ్లలో ఒక కార్యకర్తని తయారుచేద్దాం అన్నారు. అదే ఏఎన్ఎం, ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్. 1950ల మొదట్లో కోర్సు మొదలైంది. అర్హత ఏడో ఎనిమిదో తరగతి. చాలా తక్కువే కదా అనిపిస్తుంది. కానీ 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చదువొచ్చిన ఆడవాళ్లు నూటికి 9 మంది కూడా లేరు. ఏడో తరగతి పాసైన పల్లెటూరి అమ్మాయిని ఎక్కడ్నుంచి తెస్తారు?

మా సాఫ్ట్‌వేర్‌లో దీన్ని సర్క్యులర్ డిపెండెన్సీ అంటాం. ఎ నడవాలంటే బి కావాలి, బి నడవాలంటే ఎ కావాలి, రెండూ ఆగిపోతాయి. ఊళ్లో నర్సు ఉండాలంటే ఊళ్లో చదివిన అమ్మాయి కావాలి. ఆ అమ్మాయి చదవాలంటే ఊళ్లో ఆడ టీచరు కావాలి. ఆ టీచరు కావాలంటే మళ్లీ చదివిన అమ్మాయే కావాలి. ఈ ముడి విప్పడానికి గట్టిగా కూర్చున్న మనిషి మన గోదావరి ఆవిడే. దుర్గాబాయి. తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయ్యారు.

1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు, పెరిగింది కాకినాడలో. ఈ రోజు మనం ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి ఎక్కితే కాసేపట్లో యానాం దాటి కాకినాడ చేరిపోతాం. అప్పుడైతే పడవే దిక్కు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ వచ్చాక ఆ పెళ్లి నుంచి ఆవిడే బయటికి వచ్చారు. 1923 కాకినాడ కాంగ్రెస్ ఎగ్జిబిషన్‌లో టికెట్ లేదని నెహ్రూనే గేటు దగ్గర ఆపిన వాలంటీర్ పిల్ల ఈవిడే. ఆ కథ మీరు రీల్స్‌లో చూసే ఉంటారు, అందుకే దాని మీద ఎక్కువసేపు ఉండను. నాకు అంతకన్నా ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది వేరే. టీనేజ్ కూడా పూర్తిగా రాని వయసులో ఆవిడ కాకినాడలో బాలికల హిందీ పాఠశాల నడిపారు. వాళ్ల అమ్మగారు కూడా హిందీ నేర్చుకుని పక్కన నిలబడి పాఠాలు చెప్పారు. అంటే ఈవిడ లీడర్ కాకముందే టీచర్.

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్లారు. మదురై జైల్లో ఒంటరిగా ఉంచితే ఆరోగ్యం దెబ్బతింది. బయటికి వచ్చాక, ఇరవై దాటిన వయసులో, తనంతట తాను చదువుకుని బెనారస్ మెట్రిక్ రాశారు. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో బీఏ చదవాలనుకుంటే ఆడపిల్లలకి హాస్టల్ లేదన్నారు. అప్పుడు వైస్ ఛాన్సలర్ సి.ఆర్. రెడ్డి గారు. ఈవిడ ధర్నా చేయలేదు. చదవాలనుకునే అమ్మాయిలు ఎవరైనా ఉన్నారా అని పేపర్లో ప్రకటన వేసి, వచ్చినవాళ్లని పోగుచేసి, ఉండే చోటు చూసుకుని, ఇదిగో హాస్టల్, ఇక సీటు ఇవ్వండి అన్నారు.

ఈ పద్ధతిని గుర్తుపెట్టుకోండి. ముందు చేసి చూపించడం, ఆ తర్వాత అడగడం. ఆవిడ జీవితమంతా ఇదే నడిచింది.

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ. పేరు వినగానే ఏదో క్లబ్బు అనుకుంటాం. అసలు పని ఏంటంటే, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లకి బెనారస్ మెట్రిక్ కోచింగ్. వితంతువులు, భర్త వదిలేసినవాళ్లు, పెళ్లితో బడి మానేసినవాళ్లు. చిన్నపిల్లల పక్కన బెంచీ మీద కూర్చోలేని వయసు వాళ్లది. ఒక్కో క్లాసు ఒక్కో ఏడాది చదివే టైమూ లేదు. తనకి ఏ దారి పనిచేసిందో ఆ దారినే వీళ్లకి వేశారు. ఆసుపత్రి, నర్సింగ్ శిక్షణ ఆ సంస్థలో తర్వాత వచ్చాయి. ముందు బడి, తర్వాత ఆసుపత్రి. నా దృష్టిలో ఈ వరసే మొత్తం కథకి ప్రాణం. మన దగ్గర చాలామంది ముందు బిల్డింగు కట్టి, బెడ్లు వేసి, ఆ తర్వాత స్టాఫ్ కోసం వెతుకుతారు.

తర్వాత రాజ్యాంగ సభ, ప్రణాళికా సంఘం. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెడితే మొదటి ఛైర్‌పర్సన్ ఈవిడే. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల కోసం 4 కోట్లు పక్కన పెట్టారు. 1954లో వెల్ఫేర్ ఎక్స్‌టెన్షన్ ప్రాజెక్టులు మొదలయ్యాయి. ఒక్కోదాని కింద సుమారు పాతిక ఊళ్లు. గ్రామసేవికలు, మిడ్‌వైఫ్, దాయీలు, బాలవాడి, కుట్లు అల్లికలు, వయోజన విద్య. పేపర్ మీద సూపర్. కానీ ఫీల్డ్‌లో మళ్లీ అదే గోడ. పోస్టులున్నాయి, శిక్షణ ఉంది, చేరడానికి అర్హత ఉన్న పల్లెటూరి ఆడవాళ్లు లేరు.

ఇక్కడ ఎవరికైనా రెండు దారులు కనిపిస్తాయి. అర్హత తగ్గించేయడం ఒకటి. టౌన్ల నుంచి చదివినవాళ్లని తెచ్చి పల్లెల్లో పోస్టింగ్ ఇవ్వడం రెండోది. మొదటి దాంట్లో పేషెంటుకి రిస్క్. రెండో దాంట్లో ఆ అమ్మాయి ఆరు నెలల్లో ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటుంది. దుర్గాబాయి ఈ రెండూ కాకుండా, మద్రాసులో నడిపిన కోచింగ్‌నే తీసుకెళ్లి జాతీయ స్కీమ్ చేశారు. 1958లో వచ్చిన కండెన్స్‌డ్ కోర్సులు అవే. 20 నుంచి 35 ఏళ్ల ఆడవాళ్లు, రెండేళ్లలో మిడిల్ స్కూలు లేదా మెట్రిక్ స్థాయి. అది పాసైతే నర్సింగ్, ఏఎన్ఎం, గ్రామసేవిక, టీచర్ ట్రైనింగ్‌కి తలుపు తెరుచుకుంటుంది. అదే టైంలో మహిళా విద్య మీద జాతీయ కమిటీకి అధ్యక్షురాలు కూడా ఆవిడే, 1959లో రిపోర్టు ఇచ్చారు. అందులోనూ ఈ కోర్సుల్ని ఇంకా పెంచమన్నారు. గుమ్మం ఎత్తు అలాగే ఉంచి, ముందు మెట్లు కట్టారన్నమాట.

అన్నీ బాగానే జరిగాయని నేననను. రెండేళ్లు హాస్టల్లో ఉండి చదవడం పాతికేళ్ల వితంతువుకి కుదురుతుందేమో గానీ, యాభై ఏళ్ల మంత్రసానికి కుదరదు. వందల పురుళ్లు పోసిన ఆ చేతులకి ఈ మెట్లు అందలేదు. ఆవిడకి దక్కింది చిన్న దాయీ శిక్షణ. కులం పరంగా చూసినా పని ఆవిడది, సర్టిఫికెట్ వేరేవాళ్లది అయింది.

ఇంకో మలుపు 1970లలో వచ్చింది. 1973 కర్తార్ సింగ్ కమిటీ తర్వాత ఏఎన్ఎం పేరు బహుళార్థ ఆరోగ్య కార్యకర్తగా మారింది. పురుళ్ల పని పక్కకి జరిగి టీకాలు, కుటుంబ నియంత్రణ, రిజిస్టర్లు నెత్తిన పడ్డాయి. కోర్సు రెండేళ్ల నుంచి ఏడాదిన్నరకి తగ్గింది, అర్హత పదో తరగతికి పెరిగింది. ఇప్పుడు మళ్లీ రెండేళ్లు చేసి, ఇంటర్ పెట్టారు. గుమ్మం అలా ఎత్తు పెరుగుతూ వచ్చింది. పెంచడం కరెక్టే, సూది వేసే మనిషికి చదువు ఉండాలి. కానీ పెంచిన ప్రతిసారీ ఇంకో రెండు మెట్లు కట్టాలి కదా. అది అడిగే గొంతు దుర్గాబాయి తర్వాత ఢిల్లీలో అంత గట్టిగా వినపడలేదు. ఆవిడ 1981 మే 9న పోయారు.

ఇప్పుడు మన పోస్టర్ దగ్గరికి వద్దాం. జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్, ఇవి నిజమైన కోర్సులే, స్కిల్ కౌన్సిల్ సర్టిఫికెట్ ఉంటుంది. పేషెంటుని లేపడం, స్నానం చేయించడం, బీపీ చూడడం, పక్క మార్చడం నేర్పుతారు. కానీ అది చేస్తే నర్సు అవ్వరు. ఆ సర్టిఫికెట్ పట్టుకుని ఏఎన్ఎంలో చేరిపోవడానికీ కుదరదు, ఇంటర్ ఉండాల్సిందే. జాయిన్ అయ్యే ముందు సర్టిఫికెట్ ఎవరు ఇస్తారు, ప్రాక్టికల్స్ ఏ ఆసుపత్రిలో, ఎన్ని నెలలు అని అడగండి తమ్ముడూ, చెల్లెమ్మా. సమాధానం సాగదీస్తే ఫీజు కట్టకండి.

మన కోనసీమ నుంచి కువైట్, మస్కట్, దోహా వెళ్లిన పిన్నిలు, అత్తలు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఇంటిపని వీసా మీద వెళ్లి, పదేళ్లు అక్కడ మంచాన పడ్డ పెద్దవాళ్లకి డైపర్లు మార్చి, ఇన్సులిన్ టైం గుర్తుపెట్టుకుని, రాత్రుళ్లు మేలుకుని వచ్చినవాళ్లు ఎంతమందో. పని వచ్చు, కాగితం లేదు. ముందే వచ్చిన పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కేంద్ర స్కిల్ పథకంలో ఉంది, ఆర్‌పీఎల్ అంటారు. అది హెల్పర్ దాకా తీసుకెళ్తుంది. ఆపైన ఏఎన్ఎం కావాలంటే ఓపెన్ స్కూల్లో పది, ఇంటర్ కట్టుకుని రావాలి. అదీ త్వరగా. ఎందుకంటే ఏఎన్ఎంలో చేరడానికి గరిష్ఠ వయసు 35. దుర్గాబాయి 1958లో పెట్టిన లిమిట్ కూడా 35. అప్పట్లో 35 ఏళ్ల ఆడమనిషి అంటే పెద్దావిడ కింద లెక్క. ఇప్పుడు కువైట్ నుంచి మా పిన్నిలు తిరిగొచ్చే వయసు నలభై.

ఉంటానండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.