పాత కంప్యూటర్లు - నేటి మానిటర్లు: వీడియో సంకేతాల చారిత్రక పరిశీలన

పాత కంప్యూటర్ చక్కగా పనిచేస్తున్నా, దానికి తగిన తెర లేకపోతే అందులోని సమాచారాన్ని చదవడం సాధ్యం కాదు. 1985లో వెలువడిన కమొడోర్ అమీగా తన చిత్ర సంకేతాన్ని నాటి టెలివిజన్ ప్రమాణానికి అనుగుణంగా పంపేది. యూరప్‌లోని పాల్ నమూనాలలో ఆ వేగం సెకనుకు 15,625 గీతలు. 1987లో ఐబీఎం ప్రవేశపెట్టిన వీజీఏ ఈ వేగాన్ని సుమారు 31,500కు పెంచింది. తరువాతి మానిటర్లలో అధికభాగం దీనికన్నా తక్కువ వేగాన్ని స్వీకరించవు. అందువల్ల రెండూ అనలాగ్ ఆర్‌జీబీ సంకేతాలే అయినప్పటికీ, కేబుల్ కొనను మార్చినంత మాత్రాన చిత్రం కనిపించదు. గీతలను రెట్టింపు చేసే పరికరమో, 15 కిలోహెర్ట్జ్‌ను స్వీకరించే అరుదైన ఎల్‌సీడీ మానిటరో అవసరమవుతుంది. మానిటర్ సాంకేతిక వివరాలలో క్షితిజ సమాంతర పౌనఃపున్య పరిధిని ముందుగా పరిశీలించాలి. ఎమ్యులేటర్ పాత ప్రోగ్రామును నడపగలదు. అయితే అసలు యంత్రాన్నే ప్రాథమిక ఆధారంగా స్వీకరించే పరిశోధకునికి తగిన తెర కూడా ఆ ఆధారంలో భాగమే.