ఖటోదరాలో ఏడ్చిన మొక్క

పోయిన వానాకాలంలో ఒకరోజు పొద్దున్నే పక్క ఫ్లాటు చెల్లెమ్మ తలుపు కొట్టింది. వాళ్ళది సిరిసిల్ల వైపు కుటుంబం. సూరత్ లో మగ్గాల మీద బతికే మన తెలుగువాళ్ళు ఎక్కువగా లింబాయత్, ఉధ్నా వైపు ఉంటారు. వీళ్ళు మాత్రం ఖటోదరాలో మా పక్కన దిగారు.

"అన్నా, జెర మా ఇంట్లకు రా. చెట్టు ఏడుస్తున్నది" అంది.

వెళ్ళి చూశాను. ఏడేళ్ళ పిల్లాడి గదిలో కిటికీ కమ్మీలకి, కర్టెన్ రాడ్డుకి వేలాడదీసిన తీగమొక్కలు. లెక్కపెడితే తొమ్మిది కుండీలు. హృదయాకారం ఆకులు, ముదురాకుపచ్చ మీద రాగి మెరుపు, అడుగున ఎరుపు ఛాయ. ముట్టుకుంటే అచ్చం మఖమల్ గుడ్డలా ఉన్నాయి. నర్సరీ వాడు 'వెల్వెట్ మనీప్లాంట్' అని అమ్మాడట. ఆకు కొసల్లో నిజంగానే నీటిబొట్లు వేలాడుతున్నాయి. కింద నేల తడి.

ఆ గదిలో నన్ను కలవరపెట్టింది బొట్లు కాదు. కిటికీ బిగించి ఉంది. పిల్లాడికి ఆయాసం, రాత్రిళ్ళు పిల్లికూతలు. ఈ మొక్కలు గాలిలోని విషం పీల్చేస్తాయని "నాసా వాళ్ళు చెప్పారని" ఫోన్లో ఎవరో పంపారు. మొక్కలు శుభ్రం చేసిన గాలి బయటికి పోకుండా కిటికీ మూశారు. ఇప్పుడు మొక్క ఏడుస్తోందంటే, పిల్లాడి జబ్బు దానికి పట్టిందేమో అని ఒక భయం, ఇంటికి ఏదో కీడు రాబోతోందేమో అని ఇంకో భయం.

బొట్ల సంగతి తేలిగ్గానే తేలిపోయింది. ఇంటర్మీడియట్ వృక్షశాస్త్రంలో దీన్ని బిందుస్రావం అని చదువుకున్నాం. పగలు ఆకు నుంచి నీరు ఆవిరై పోతూ ఉంటుంది. సూరత్ వానాకాలపు రాత్రి, అందులోనూ మూసిన గదిలో, గాలి నిండా తేమే. ఆవిరి పోయే దారి ఉండదు. వేళ్ళు మాత్రం నీళ్ళు లాగుతూనే ఉంటాయి. ఆ వేరు పీడనం నీటిని పైకి నెట్టి ఆకు కొసన ఉండే సన్నని రంధ్రాల గుండా బొట్లుగా బయటికి పంపుతుంది. అంతే. "నా మాట నమ్మకు చెల్లెమ్మా. నాలుగు కుండీలకి రాత్రి నీళ్ళు పొయ్యి, మిగతావాటిని నాలుగు రోజులు ఎండబెట్టు" అన్నాను. అయిదో రోజు పొద్దున్న తనే పిలిచి చూపించింది. నీళ్ళు పోసినవే ఏడ్చాయి!

ఈ "చూపించు" అనే మాటకి ఈ ఊళ్ళో పాత చరిత్ర ఉంది. 1844లో దుర్గారామ్ మెహతాజీ అనే బడిపంతులు, దాదోబా పాండురంగ్ తదితరులతో కలిసి సూరత్ లో మానవధర్మ సభ పెట్టాడు. కులభేదాలనీ, విధవల మీద ఆంక్షలనీ ప్రశ్నించిన సభ అది. మంత్రగాళ్ళూ భూతవైద్యులూ తమ శక్తిని నలుగురి ముందు నిరూపించాలని బహిరంగంగా సవాలు చేసింది. మనం 1963 నాటి కోవూర్ లక్ష రూపాయల సవాలు గురించి చెప్పుకుంటాం గానీ, దానికి నూట పంతొమ్మిదేళ్ళ ముందే ఈ తాపీ ఒడ్డున ఒక పంతులుగారు ఆ పని చేశారు. గుజరాతీలు నర్మద్ ని తలుచుకున్నంతగా ఆయన్ని తలుచుకోరు.

సరే, మొక్క దగ్గరికి వద్దాం. ఇది మనీప్లాంట్ కాదు. మనం మనీప్లాంట్ అనేది పసిఫిక్ మహాసముద్రంలోని మోరియా దీవి నుంచి వచ్చిన వేరే తీగ. ఈ మఖమల్ ఆకుది ఫిలోడెండ్రాన్ హెడెరేసియం. సొంతూరు మెక్సికో, కరీబియన్ దీవుల నుంచి దక్షిణ అమెరికా అడవుల దాకా. ఆస్ట్రియా చక్రవర్తి తోటల కోసం మొక్కలు తేవడానికి వెస్టిండీస్ వెళ్ళివచ్చిన జాకిన్ 1760లో దీన్ని గ్రంథస్తం చేశాడు. 1829లో షాట్ దీన్ని ఫిలోడెండ్రాన్ ప్రజాతిలో చేర్చాడు. ఆ పేరుకి గ్రీకులో అర్థం చెట్టుని ప్రేమించేది. మఖమల్ రకాన్ని 19వ శతాబ్దం మధ్యలో కార్ల్ కోఖ్ వేరే జాతి అనుకుని 'మైకన్స్', అంటే మెరిసేది, అని పేరు పెట్టాడు. అది వేరే జాతి కాదు. ఆ మఖమల్ ఈ తీగ బాల్యం, అంతే! అడవిలో చెట్టెక్కి పైకి పోయేకొద్దీ ఆకులు పెద్దవై నున్నగా అవుతాయి. కుండీలో కిందికి వేలాడదీస్తే ఎక్కడానికి ఏమీ దొరక్క, ఎన్నేళ్ళయినా పసిదానిలాగే ఉండిపోతుంది. మనం ముచ్చటపడేది ఎదగనివ్వని మొక్కని చూసి.

మఖమల్ ఎందుకు? ఆకు పైపొర కణాలు ఒక్కొక్కటీ చిన్న బుడిపెలా ఉబ్బి ఉంటాయి. అడవి నీడల్లో పెరిగే చాలా మొక్కలకి ఇలాగే ఉంటుంది. 1905లో గాట్లీబ్ హాబర్లాండ్ ఈ ఉబ్బెత్తు కణాలు కటకాల్లా పనిచేస్తాయనీ, ఇలాంటి ఆకులకి ఇవే కళ్ళనీ ప్రతిపాదించాడు. ఆయన అల్లాటప్పా మనిషి కాదు. మొక్క కణాన్ని విడదీసి గాజుపాత్రలో పెంచవచ్చని 1902లో మొదట చెప్పింది ఆయనే. ఇవాళ నర్సరీల్లో దొరికే ఇలాంటి అలంకరణ మొక్కలు ఎన్నో ఆ టిష్యూకల్చర్ బిడ్డలే. ఆకు కణాల గుండా హెరాల్డ్ వేజర్ ఫొటోలు కూడా తీశాడు. కణం వెలుగుని ఒకచోటికి చేరుస్తుందనేది నిజం. దాంతో మొక్క "చూస్తుంది" అనేది మాత్రం నిలబడలేదు. ఒక మంచి పరిశీలన మీద ఒక మాట ఎక్కువ వేసినందుకు అలా జరిగింది. కానీ ఆయన పరీక్షకి నిలబడే రూపంలో చెప్పాడు, పరీక్షించారు, పోయింది. అలా పోవడంలో అవమానం లేదు.

అరవై ఏళ్ళ తర్వాత వచ్చినాయన సంగతి వేరు. న్యూయార్క్ లో లై డిటెక్టర్ నిపుణుడు క్లీవ్ బాక్‌స్టర్. 1966 ఫిబ్రవరి 2న తన ఆఫీసులోని డ్రసీనా మొక్క ఆకుకి ఆ యంత్రం తగిలించి, ఆకు కాలుద్దాం అని మనసులో అనుకోగానే సూది ఎగిరిందన్నాడు. తర్వాతి ప్రయోగానికి ఎంచుకున్నది మన ఫిలోడెండ్రాన్ తీగల్నే. ఉప్పునీటి రొయ్యపిల్లల్ని యంత్రం చేత మరిగే నీళ్ళలో పడేయించి, అదే సమయానికి మొక్కలు "స్పందించాయి" అని 1968లో రాశాడు. ఎక్కడ? పరామనోవిజ్ఞాన పత్రికలో. 1973లో టాంప్కిన్స్, బర్డ్ రాసిన 'మొక్కల రహస్య జీవితం' పుస్తకం దాన్ని ప్రపంచమంతా చాటింది. 1975లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి హోరోవిట్జ్, మరో ఇద్దరు అదే ప్రయోగాన్ని ఇంకా కట్టుదిట్టంగా చేసి, స్పందన ఏమీ లేదని 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. పుస్తకం లక్షలమందికి చేరింది, ఆ పరిశోధనా పత్రం లైబ్రరీలో ఉండిపోయింది.

మన దగ్గర ఇది ఇంకో మలుపు తిరిగింది. బాక్‌స్టర్ పేరు ఎవరికీ తెలియదు గానీ "మొక్కలకి మనసుందని మన జగదీశ్ చంద్రబోసు ఎప్పుడో నిరూపించాడు" అంటారు. బోసు చేసింది మొక్కకి దెబ్బో, వేడో, విద్యుత్తో తగిలించి, దాని విద్యుత్ స్పందననీ కదలికనీ తన పరికరాలతో కొలవడం. మొక్క మన ఆలోచనలు చదువుతుందని ఆయన పరికరాలు ఎక్కడా చెప్పలేదు. ఆయనకి కట్టబెట్టిన ఈ బిరుదు ఆయన్ని అవమానించడమే అని నా ఉద్దేశం.

ఇక నాసా. పిల్లాడి కిటికీ మూయించింది ఇదే కాబట్టి దీని దగ్గర కొంచెం ఆగాలి.

1989 నాటి నివేదిక నిజంగానే ఉంది. రాసినవారు మిసిసిపీలోని స్టెన్నిస్ కేంద్రంలో పనిచేసిన వుల్వర్టన్ బృందం. ఫిలోడెండ్రాన్లు కూడా వాళ్ళ పరీక్షల్లో ఉన్నాయి. గాలి చొరబడని పారదర్శకమైన పెట్టెల్లో మొక్కని పెట్టి, బెంజీన్, ఫార్మాల్డిహైడ్ వంటివి ఎక్కించి, 24 గంటల తర్వాత ఎంత మిగిలిందో కొలిచారు. తగ్గింది. అది తప్పుడు కొలత అనడం లేదు నేను. పైగా కుండీ మట్టిలోని సూక్ష్మజీవుల పాత్ర ఉందని వాళ్ళే రాశారు. ఖర్చులో భాగం పంచుకున్నది అలంకరణ మొక్కల కాంట్రాక్టర్ల సంఘం అన్నది కూడా ఆ నివేదికలోనే ఉంది. అంతరిక్ష నౌకకి కిటికీ ఉండదు. ఇంటికి ఉంటుంది. ఫార్వర్డులు పంపేవాళ్ళు మింగేసిన తేడా ఇదొక్కటే.

2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కమింగ్స్, వారింగ్ అంతవరకు జరిగిన 12 అధ్యయనాల్లోని 196 ప్రయోగాల్ని తీసుకుని లెక్కకట్టారు. మామూలు భవనంలో గాలి మారడం వల్ల జరిగే శుభ్రతకి సమానం కావాలంటే చదరపు మీటరు నేలకి 10 నుంచి 1000 మొక్కలు కావాలి. పది అడుగుల చదరపు గదికి తక్కువలో తక్కువ తొంభైకి పైగా కుండీలు. పిల్లాడు ఎక్కడ పడుకోవాలి?

నాకు ఇందులో తమాషాగా కనిపించేది ఇంకొకటి. మొక్కలు ఇళ్ళలోకి పెద్దఎత్తున వచ్చిన కాలంలో నమ్మకం సరిగ్గా తలకిందులుగా ఉండేది. లండన్ డాక్టరు నథానియల్ వార్డ్ పెంచుకునే ఫెర్న్ మొక్కలు బొగ్గుపొగకి చచ్చిపోయేవి. 1829 ప్రాంతంలో, మూసిన గాజుసీసాలోని మట్టిలో ఒక ఫెర్న్ దానంతటదే మొలిచి బతకడం చూసి గాజుపెట్టెలు చేయించాడు. 1833లో ఆ పెట్టెల్లో మొక్కలు ఓడెక్కి సిడ్నీ దాకా క్షేమంగా వెళ్ళాయి. ఖండాలు దాటి మొక్కలు మన ఇళ్ళకి చేరడానికి దారి వేసింది అదే. అంటే గాలి చెడిందని మొక్కని దాచారు, మొక్కని తెచ్చి గాలిని బాగుచెయ్యమనలేదు.

గాలీ నీరూ ఎలా బాగుపడతాయో సూరత్ కి ఎవరూ చెప్పనక్కర్లేదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలమంది రైళ్ళెక్కి పారిపోయారు. మరుసటి ఏడాది కమిషనర్ గా వచ్చిన ఎస్.ఆర్. రావు చెత్త ఎత్తించి, మురుగు తీయించి, అధికారుల్ని రోజూ వీధుల్లో తిప్పి ఊరి రూపు మార్చాడు. ఆ పని మునిసిపాలిటీ చీపుళ్ళతో జరిగింది.

ఇప్పుడు ఈ మొక్కని పెంచడం. దీనికీ బోలెడు ఆచారాలున్నాయి. పొద్దునా సాయంత్రం ఆకుల మీద నీళ్ళు చల్లమంటారు. ఆ తేమ కొద్దిసేపట్లో పోతుంది, మఖమల్ మీద మరకలు మాత్రం మిగులుతాయి. సూరత్ వానల్లో అయితే చల్లడం శుద్ధ దండగ. పాలతో, నూనెతో ఆకులు తుడవమంటారు. వద్దు, దుమ్ము పడితే మెత్తని బ్రష్షుతో దులిపితే చాలు. కుండీ అడుగున గులకరాళ్ళు పరిస్తే నీళ్ళు బాగా దిగుతాయంటారు. నిజానికి సన్నమట్టి కింద ముతకరాయి ఉంటే నీరు ఆ రెండూ కలిసేచోటే ఆగిపోతుంది, వేళ్ళకి దగ్గరగా. కావలసింది రంధ్రమున్న కుండీ, కొబ్బరిపొట్టూ ఎరువూ కొంచెం బొగ్గుముక్కలూ కలిపిన గుల్ల మట్టి. వేలు పెట్టి చూస్తే పైన అంగుళం ఆరిందంటేనే నీళ్ళు. ఇక్కడి వానాకాలంలో చచ్చే మొక్కలు దాహంతో చావవు, వేరు కుళ్ళి చస్తాయి. తూర్పు కిటికీ వెలుతురు మంచిది. ఏప్రిల్, మే నెలల మిట్టమధ్యాహ్నపు ఎండ తగిలితే ఆకు మాడుతుంది. చీకటి మూలన పెడితే కణుపుకీ కణుపుకీ మధ్య జానెడు కాడ సాగి, ఆకులు చిన్నబోతాయి. కొసలు తుంచుతూ ఉంటే గుబురుగా వస్తుంది. తుంచిన ముక్కకి కణుపు ఉంటేనే కొత్త తీగ వస్తుంది. ఒట్టి ఆకు నీళ్ళలో పెట్టి నెలలు ఎదురుచూసేవాళ్ళు ఉన్నారు. ఇంకొకటి, దీని ఆకుల్లో కాల్షియం ఆక్సలేట్ సూదులుంటాయి. పిల్లలు నమిలితే నోరు మండి వాస్తుంది. పసిపిల్లల చేతికీ పిల్లులకీ అందకూడదు.

చెల్లెమ్మతో ఇవన్నీ ఒక్కరోజులో చెప్పలేదు. కిటికీ తెరవడానికి వారం పట్టింది, దోమతెర బిగించాక ఒప్పుకుంది. అసలు కష్టం అది కాదు. డాక్టరు రాసిచ్చిన ఇన్‌హేలర్ అలమారాలో ఉంది. "అలవాటైపోతదట అన్నా" అని వాడటం లేదు. మొక్కలు తెచ్చింది దానికి బదులు! అలవాటు పడేది ఇన్‌హేలర్ కి కాదు, జబ్బే చాలాకాలం ఉండేది, అందుకే రోజూ వాడమంటారని డాక్టరమ్మే మళ్ళీ కూర్చోబెట్టి చెప్పాల్సివచ్చింది. ఆ చలికాలం పిల్లాడు బడికి పెద్దగా నాగాలు లేకుండా వెళ్ళాడు. తొమ్మిది కుండీలూ గ్యాలరీలోకి మారాయి, అక్కడ వాటికీ బాగుంది.

పోయిన నెల చెల్లెమ్మ రెండు కొమ్మలు పంపింది. ఒకటి తను చేతికిచ్చింది. రెండోది నేను అడక్కుండా తుంచుకుపోవాలని షరతు, ఇలాంటి తీగ దొంగిలిస్తేనే బాగా వస్తుందట. ఒకే సీసాలో కాకుండా రెండు సీసాల్లో పెట్టాను. రెండూ పదో రోజుకి వేళ్ళు వేశాయి. దొంగిలించినదానికి వేరు అర అంగుళం పొడుగు. అది కిటికీకి కాస్త దగ్గరగా ఉంది. సీసాలు అటూ ఇటూ మార్చి మళ్ళీ చెయ్యాలి. ఈసారి నాలుగేసి కొమ్మలతో.