పాత మోడెమ్‌కు కొత్త వేగం

డయలప్ మోడెమ్ పెట్టె ఒకటే అయినా లోపల ప్రధాన భాగాలు రెండు. మొదటిది కంట్రోలర్. కంప్యూటర్ ఇచ్చే ఆదేశాలు అందుకుని నంబరు డయల్ చేయడం, దారిలో దొర్లిన తప్పులు సరిదిద్దడం, డేటాను కుదించడం దాని బాధ్యత. 1981లో అమెరికాలోని హేస్ కంపెనీ స్మార్ట్‌మోడెమ్‌తో తెచ్చిన ‘ఏటీ’ ఆదేశాలనే తర్వాత దాదాపు అన్ని కంపెనీలూ అనుసరించాయి. రెండోది డేటా పంప్. అంకెలను టెలిఫోన్ తీగ మోయగల ధ్వనులుగా మలచేదీ, అవతలి ధ్వనుల్లోంచి అంకెలను ఏరేదీ ఇదే. ఈ రెండింటినీ నడిపించే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. దాన్ని ఏ రకం చిప్పులో రాశారన్న దాన్నిబట్టే మోడెమ్ ఎన్నేళ్లు పనికొస్తుందో తేలేది.

ఫ్యాక్టరీలోనే ముద్రించేసిన రోమ్ అయితే ప్రోగ్రామ్‌ను మార్చే దారే లేదు. ఈప్రామ్ కొంత నయం. 1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ రూపొందించిన ఈ చిప్పు నెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది; అతినీలలోహిత కాంతిలో కాసేపు ఉంచితే పాత రాత చెరిగిపోతుంది. అది ఇంట్లో అయ్యే పని కాదు. కంపెనీ కొత్త చిప్పు పంపితే, పెట్టె విప్పి, కాళ్లు వంగకుండా పాతదాన్ని పీకి దాని చోట కొత్తది గుచ్చుకోవాల్సిందే.

తోషిబా ఇంజినీరు ఫుజియో మసువోకా 1984లో ప్రకటించిన ఫ్లాష్ మెమరీ ఈ అవస్థ తప్పించింది. చిప్పును బోర్డు మీంచి కదపకుండా విద్యుత్తుతోనే చెరిపి, తిరిగి రాయొచ్చు. 1988లో ఇంటెల్ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. 1990లలో అది మోడెమ్‌లలోకి చేరింది.

అప్పుడు దాని అవసరం కూడా గట్టిగానే ఉంది. 1991లో వచ్చిన వి.32బిస్ ప్రమాణం వేగం సెకనుకు 14,400 బిట్లు. 1994లో వి.34 దాన్ని 28,800 చేసింది. 1996లో అదే ప్రమాణాన్ని సవరించి 33,600కు పెంచారు. కొన్న మోడెమ్ రెండు మూడేళ్లకే పాతదైపోతుంటే వందల డాలర్లు పెట్టేవాడు వెనకాడటం సహజం. ఐజాక్ అసిమోవ్ కథల్లోని రోబోల కంపెనీ పేరును తగిలించుకున్న షికాగో ప్రాంతపు సంస్థ యు.ఎస్. రోబోటిక్స్ ఈ జంకును బాగా పసిగట్టింది. దాని కొరియర్ మోడెమ్‌లో ధ్వనులు మలిచే పనిని టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి సిగ్నల్ ప్రాసెసర్ చేసేది. ఆ ప్రాసెసర్‌కు ఏ ప్రోగ్రామ్ ఇస్తే ఆ పద్ధతిలో నడుస్తుంది. అందుకే ఫ్లాష్‌లో రాత మారితే ఆదేశాలే కాదు, వేగమూ మారేది. ‘వి.ఎవ్రీథింగ్’ అని ఆ సంస్థ దానికి పెట్టిన పేరులో గొప్ప ఉన్నా, అబద్ధం పెద్దగా లేదు.

మార్చుకునే పద్ధతిలో ఒక తమాషా ఉంది. కంపెనీ బులెటిన్ బోర్డుకు ఫోన్ చేసి కొత్త ఫర్మ్‌వేర్ ఫైలును దించుకొచ్చేది ఆ పాత మోడెమే. తర్వాత సీరియల్ కేబుల్ గుండా కంప్యూటర్ ఆ ఫైలును తిరిగి మోడెమ్‌లోకి పంపుతుంది. ఇందుకు ఎక్స్‌మోడెమ్ వంటి పాత ఫైలు బదిలీ పద్ధతే సరిపోయేది. రాత సగంలో ఉండగా కరెంటు పోతే మోడెమ్ మూగబోవచ్చు. జాగ్రత్తగల తయారీదారులు చెరగని చిన్న భాగాన్ని చిప్పులో విడిగా ఉంచేవారు. మిగతాదంతా పాడైనా ఆ భాగం లేచి కొత్త ఫైలును మళ్లీ అందుకోగలదు.

కంట్రోలర్ ప్రోగ్రామ్ మారితే చాలదని వి.ఎఫ్‌సీ ఉదంతం చూపింది. వి.34 ఖరారయ్యేలోపే 28,800 వేగాన్ని అమ్ముకోవాలని రాక్‌వెల్ సంస్థ తెచ్చిన సొంత పద్ధతి అది. ఆ మోడెమ్‌లలో చాలావాటి డేటా పంప్ ప్రోగ్రామ్ చిప్పులోనే స్థిరంగా ఉండటంతో, అసలు ప్రమాణం వచ్చాక చిప్పులే మార్చాల్సి వచ్చింది.

అసలైన పరీక్ష 56 కిలోబిట్లతో వచ్చింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు అప్పటికే డిజిటల్ అయ్యాయి; మాటను సెకనుకు 8,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 8 బిట్లుగా పంపేవి. ఇంటర్నెట్ సంస్థ వైపు లైను డిజిటల్‌గానే ఉంటే, ఇంటికి వచ్చే చివరి తీగలో మాత్రమే అనలాగ్ మిగులుతుంది. అలా దిగుమతి వేగం 33,600ను దాటవచ్చు. ఎగుమతి మాత్రం పాత వేగంలోనే ఉండిపోయింది. అమెరికాలో లైను మీద పంపే శక్తికి ప్రభుత్వ పరిమితి ఉన్నందువల్ల ఆచరణలో 53 కిలోబిట్లే గరిష్ఠం.

1997లో ఈ వేగానికి రెండు పద్ధతులు మార్కెట్లోకి దిగాయి. యు.ఎస్. రోబోటిక్స్‌ది ఎక్స్2, రాక్‌వెల్, లూసెంట్‌లది కే56ఫ్లెక్స్. ఒకదాని మాట మరొకదానికి అర్థం కాదు. ఇంట్లో ఎక్స్2, ఇంటర్నెట్ సంస్థలో కే56ఫ్లెక్స్ ఉంటే రెండూ కలిసి పాత 33,600కే దిగిపోయేవి. ప్రమాణం వచ్చాక ఫైలు ఇస్తామన్న హామీ మీదే ఇరుపక్షాలూ మోడెమ్‌లు అమ్మాయి. 1998 ఫిబ్రవరిలో వి.90 మీద అంగీకారం కుదిరింది, సెప్టెంబరులో ఆమోదం లభించింది. చాలామందికి హామీ నెరవేరింది. కొన్ని నమూనాలకు ఫైలు ఉచితం, కొన్నిటికి రుసుము. అయితే ఫ్లాష్ చిన్నదైన కొన్ని మోడెమ్‌లలో కే56ఫ్లెక్స్, వి.90 రెండూ పట్టలేదు. తన ఇంటర్నెట్ సంస్థ ఇంకా మారని వ్యక్తి రెంటిలో ఒకదాన్ని ఎంచుకోవాల్సి వచ్చింది.

భారతదేశానికి ఈ గొడవ సెగ అంతగా తగల్లేదు. విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ మొదలుపెట్టినప్పుడు డయలప్ వేగం 9.6 కిలోబిట్లు. ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరిచింది 1998 నవంబరులో, అంటే వి.90 ఆమోదం పొందాక. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే అప్పుడు తొలి వరసలో రంగంలోకి దిగింది.

ఆ తర్వాత ఫ్లాష్ చిప్పు అవసరమే తగ్గింది. చౌకగా వచ్చిన విన్‌మోడెమ్‌లు పనిలో చాలా భాగాన్ని కంప్యూటర్ ప్రాసెసర్ నెత్తిన పెట్టాయి. ప్రోగ్రామ్ విండోస్ డ్రైవర్ ఫైలుగా మారింది. లినక్స్ వాడేవారికి మాత్రం అవి చాలాకాలం తలనొప్పే. 2000లో వచ్చిన వి.92 త్వరగా కనెక్ట్ కావడం, ఫోన్ కాల్ వస్తే ఇంటర్నెట్‌ను కాసేపు ఆపి ఉంచడం వంటి సౌకర్యాలిచ్చింది. ఆపాటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చేసింది.

ఫర్మ్‌వేర్ మార్పు కొనేవాడి డబ్బు కాపాడిన మాట నిజం. కానీ దానివల్ల ఎక్కువ లాభపడింది తయారీదారులే: ప్రమాణం ఖరారు కాకముందే, పని పూర్తి కాకముందే సరుకు అమ్ముకోవచ్చని వారికి తెలిసొచ్చింది.