భుజం వెనక పిడి

1997 అక్టోబరు 12, ఆదివారం. కాలిఫోర్నియా తీరంలోని మాంటెరే విమానాశ్రయం. సాయంత్రం ఐదు కావస్తోంది. హ్యాంగర్ ముందు నిలబడ్డ విమానానికి ముక్కు దగ్గర చిన్న రెక్కలు, వెనక పెద్ద రెక్కలు, ప్రొపెల్లరేమో తోకవైపు. పేరు లాంగ్-ఈజీ. ఏ ఫ్యాక్టరీలోనూ తయారైంది కాదు. బర్ట్ రుటాన్ గీసిన ప్లాన్లు చూసి, ఫోమ్ కోసి, పైన ఫైబర్‌గ్లాస్ పరిచి ఒకాయన సొంతంగా కట్టుకున్నాడు. మన బెంగళూరులోని నేషనల్ ఏరోనాటికల్ లేబొరేటరీ కూడా 1980ల్లో ఇదే నమూనా ఆధారంగా ఒక ప్రయోగ విమానం కట్టింది.

మాంటెరేలో ఉన్న విమానాన్ని మాత్రం కట్టినాయన దగ్గర నుంచి చేతులు మారాక జాన్ డెన్వర్ కొన్నాడు. అమెరికా అంతా తన పాటలు పాడుకున్న జానపద గాయకుడు. వయసు 53. తండ్రి వైమానిక దళ పైలట్. డెన్వర్‌కూ 2,700 గంటలకు పైగా ఎగిరిన అనుభవముంది. ఈ విమానంతో పరిచయం మాత్రం కొత్త. ముందురోజు ఓ అరగంట దీన్ని నడపడం చూపించారు, అంతే.

మెకానిక్‌తో కలిసి విమానం చుట్టూ తిరిగాడు. ఇద్దరూ ఒకచోట ఆగారు. ఇంజిన్‌కు పెట్రోలు ఎడమ ట్యాంకు నుంచి రావాలా, కుడి ట్యాంకు నుంచి రావాలా అన్నది మార్చే వాల్వు పిడి పైలట్ ఎడమ భుజం వెనక, గోడకు ఉంది. రుటాన్ ప్లానులో అది పైలట్ కాళ్ల మధ్య, కళ్లెదుట ఉండాలి. పెట్రోలు గొట్టాలు సీటు దాకా రాకూడదని కట్టినాయన వెనక్కి జరిపాడు. ఉద్దేశం మంచిదే. కానీ కూర్చున్న మనిషికి అది అందదు. ఎటు తిప్పితే ఏ ట్యాంకో చెప్పే గుర్తూ లేదు. పిడి పొడవు పెంచుదామని వైస్‌గ్రిప్ పట్టుకారు తగిలించి చూశారు, కుదరలేదు. పెట్రోలు మట్టం చూపే గేజీలూ వెనకే ఉన్నాయి. భుజం మీదుగా వాటిని చూసుకోవడానికి మెకానిక్ ఒక అద్దం ఇచ్చాడు. ఆటోపైలట్ వేసి తిప్పుకుంటానన్నాడు డెన్వర్. కుడి ట్యాంకులో సగానికి తక్కువ, ఎడమ దాంట్లో పావుకు తక్కువ ఉన్నట్టు మెకానిక్‌కు కనిపించింది. గంటసేపే కదా ఎగిరేది, పెట్రోలు వద్దన్నాడు డెన్వర్.

5 గంటల 12 నిమిషాలకు చక్రాలు నేల వదిలాయి. మూడుసార్లు రన్‌వే తాకి లేచాడు. తర్వాత తీరం వెంబడి పాయింట్ పినోస్ వైపు తిరిగాడు. ఎత్తు 500 అడుగులు, ఒక్కోచోట ఇంకా తక్కువ. 5 గంటల 28 నిమిషాలకు ఒడ్డున ఉన్నవాళ్లలో కొందరికి ఇంజిన్ టప్పుమన్న చప్పుడు వినిపించింది. విమానం ఒరిగింది. ముక్కు కిందికి తిరిగింది. తీరానికి 150 గజాల దూరంలో సముద్రంలో పడింది. డెన్వర్ బతకలేదు.

ఆ కొన్ని క్షణాల్లో లోపల ఏం జరిగి ఉంటుందో తెలుసుకోవడానికి దర్యాప్తు అధికారులు అలాంటి సీట్లోనే కూర్చుని చూశారు. పిడి అందుకోవాలంటే కుడి చెయ్యి కంట్రోల్ కర్రను వదలాలి. భుజం బెల్టు సడలించాలి. ఎడమకు పూర్తిగా మెలి తిరగాలి. అలా తిరిగినప్పుడు ఆసరా కోసం కుడికాలు తెలియకుండానే పెడల్‌ను తన్నుతుంది. అంటే కుడి రడ్డర్ పడుతుంది. శిథిలాల్లో దొరికిన వాల్వు ఏ ట్యాంకుకూ పూర్తిగా తెరుచుకోకుండా మధ్యలో ఆగి ఉంది. దృష్టి మళ్లడం, పెట్రోలు పోయించుకోకపోవడం, కొత్త విమానంలో చాలినంత శిక్షణ లేకపోవడం, గుర్తుల్లేని వాల్వును అందని చోట పెట్టడం: నివేదిక వీటన్నిటినీ రాసింది. నాకు మనసు కలుక్కుమనేది ఒక్కచోటే. అందని పిడీ, తక్కువ పెట్రోలూ నేల మీద ఉండగానే ఇద్దరి కళ్లకూ కనిపించాయి. మాట్లాడుకున్నారు కూడా. ఆ సాయంత్రం ఎగరకుండా ఆగాల్సింది.

ఈ సంగతి ఇక్కడ, భద్రాచలం దగ్గర, ఎందుకు చెప్పుకోవాలంటే, మన కుర్రాళ్లకూ రెక్కలు కట్టుకోవాలన్న ఆశ ఉంది. ఆ ఆశ నాకు ఇష్టం. ముంబైలో అమోల్ యాదవ్ తన ఇంటి మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టాడు. 2017లో దానికి రిజిస్ట్రేషన్, 2019లో ఎగరడానికి అనుమతి సాధించాడు. దారి పొడవైనదే, కానీ ఉంది. ఆ అనుమతి కాగితం వెనక విమానాన్ని మరో మనిషి తనిఖీ చేయడం ఉంటుంది. కట్టినవాడి కన్ను తన తప్పుకు అలవాటుపడిపోతుంది. అందని పిడి కొత్తవాడికే కనిపిస్తుంది.

ఇక మన చోట ఎగరడం ఎలా ఉంటుందంటే, సారపాక దాటి గోదావరి మీదుగా దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్తుంటే కింద పొలాలు పలచబడి అడవి మొదలవుతుంది. 500 అడుగుల ఎత్తులో ఇంజిన్ ఆగితే మామూలు చిన్న విమానం గాలి మీద జారుతూ మహా అయితే కిలోమీటరున్నర పోతుంది. వెనక్కి మళ్లితే అదీ ఉండదు. వేసవిలోనైతే నదిలో ఇసుక తిన్నెలుంటాయి. నీటిమట్టం 43 అడుగులు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక జారీ అయ్యే రోజుల్లో అవి ఎక్కడివి? అందుకే ఈ చోట ఎత్తే ఆస్తి. వానాకాలంలో ఇంకో చిక్కూ ఉంది: తడి గాలిలో సగం ఖాళీగా ఉన్న ట్యాంకు లోపలి గోడలకు నీరు పడుతుంది. ఎగిరేముందు ట్యాంకు అడుగు నుంచి కాస్త పెట్రోలు గాజుసీసాలోకి వంపి, అడుగున నీటి బొట్టు చేరిందా లేదా చూడాలి. నీరు కనిపిస్తే అది పోయేదాకా వంపుతూనే ఉండాలి.

2008 ఆగస్టులో హైదరాబాద్ నుంచి రాయపూర్ బయల్దేరిన హెలికాప్టర్ నలుగురితో సహా ఈ అడవుల మీదే మాయమైంది. ఎంత వెతికినా కనిపించలేదు. శిథిలాలు నవంబరులో గానీ దొరకలేదు. ఆ ఇళ్లల్లో మూడు నెలలు ఎలా గడిచాయో తలుచుకోవడానికే భయమేస్తుంది. ప్రమాదం జరగ్గానే తనంతట తానే సంకేతం పంపే పరికరం విమానంలో ఉంటుంది. 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు 121.5 మెగాహెర్ట్జ్ పాత పరికరాల సంకేతం అందుకోవడం మానేశాయి. ఇప్పుడు 406 మెగాహెర్ట్జ్‌దే ఉండాలి. బ్యాటరీ గడువు చూసుకోవాలి. వెళ్లే దారీ, తిరిగొచ్చే వేళా కాగితం మీద రాసి కింద ఉన్న మనిషి చేతికివ్వాలి. ఆ వేళ దాటి అరగంటైతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అందులోనే ఉండాలి.