ఫ్లాపీలయందలి తెలుఁగు వ్రాఁతలు

పూర్వగ్రంథములను వెదకువారు తాళపత్రములకుఁ జెదలవలనను, తడివలనను, నగ్నివలనను గలుగు కీడు నెఱుఁగుదురు. ముప్పది నలువదియేండ్ల క్రిందటఁ గంప్యూటరున వ్రాయఁబడిన తెలుఁగు వ్రాఁతలకు వేఱొక కీడు గలదు. అవి నశింపకయే చదువరానివగుచున్నవి. హైదరాబాదునఁ గూకటుపల్లికి ఉత్తరముగా అంబీరు చెరువు చెంతనున్న ప్రగతి నగరును దృష్టాంతముగఁ గైకొందము. హైటెక్ సిటీ కొలువులకుఁ బోవువారు పలువురు నివసించు నాపేటలో నొక యింటఁ దండ్రిగారి పెట్టెనుండి పది ఫ్లాపీలు వెలువడెననుకొందము. వానిపై 'కథలు, 1991' అని చీటి యున్నది. ఇంటఁ గంప్యూటరులు నాలుగున్నను ఫ్లాపీని జొప్పించుటకు వానిలో నొకదానికిని ద్వారము లేదు. ఈ స్థితి యెట్లు వచ్చినదో విచారింతము.

ఈ నగరమునకుఁ గంప్యూటరుతోడి పొత్తు నిన్నటిది కాదు. 1967లో నిచట నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియావారు 1969లో టీడీసీ-12 అను యంత్రమును వెలువరించిరి. హైటెక్ సిటీలోని సైబర్ టవర్సు 1998లోఁ దెఱవఁబడినది. ఆ యేఁటనే యాపిల్‌వారు ఫ్లాపీద్వారము లేని ఐమ్యాకును విడుదల చేసిరి. సోనీవారు 2011లో జపానున ఫ్లాపీల విక్రయమును మానిరి.

ఎనిమిదంగుళముల ఫ్లాపీని 1971లో ఐబీఎమ్‌వారు వెలువరించిరి. పిదప 1976లో షుగార్టు సంస్థవారి అయిదుంబావు అంగుళములదియు, 1981లో సోనీవారి మూఁడున్నర అంగుళములదియు వచ్చినవి. కొలత యొక్కటియైనంత మాత్రమున నొక యంత్రపు ఫ్లాపీని వేఱొకటి చదువునని తలఁపరాదు. అయిదుంబావు అంగుళములవానిలో 360 కిలోబైట్ల డ్రైవు ఒక్కొక్క ముఖమున 40 వలయములు గీయును. 1984లో వచ్చిన 1.2 మెగాబైట్ల డ్రైవు 80 సన్నని వలయములు గీయును. క్రొత్తది పాతదాని వ్రాఁతను జదువఁగలదు. కాని పాతఫ్లాపీని గ్రొత్తడ్రైవుతో దిద్దినచో, సన్నని క్రొత్తవ్రాఁతకు నిరుప్రక్కలఁ బాతవ్రాఁత శేషించును. వెడల్పు తలగల పాతడ్రైవు రెంటిని గలిపి చదివి తప్పును. మెకింటోషువారి 800 కిలోబైట్ల ఫ్లాపీలు వలయమునుబట్టి వేగము మార్చుచు వ్రాయఁబడినవి గావున సామాన్యమైన పీసీ డ్రైవునకు లొంగవు. సన్ సంస్థవారి వర్కుస్టేషనున యూనిక్సు పద్ధతిని 'టార్' కట్టగా నింపిన ఫ్లాపీని విండోసు యంత్రమునఁ బెట్టినచో, నది యింకను ఫార్మాటు కాలేదనియు, చేయుదునా యనియు నడుగును. ఔనన్నచోఁ గథలన్నియుఁ బోవును.

ఈ చిక్కులన్నియు నన్నిదేశములవారికిని సమానములు. తెలుఁగువారి చిక్కు దీనికిఁ బిమ్మటిది. డ్రైవు దొరకి, ఫైలు తెఱచికొన్నను, 'రాముఁడు' అను మాటకు బదులు ఆంగ్లాక్షరములును గుర్తులును గలగాపులగముగాఁ గనఁబడును. ఏలయనఁగా శ్రీలిపి, అను మున్నగు ఫాంటులు ఆంగ్లాక్షరములకుఁ గేటాయించిన సంఖ్యల చోట తెలుఁగు తలకట్లను, గుడులను, వత్తులను ముక్కలుగా నమర్చినవి. ఒకరి యమరిక వేఱొకరిది కాదు. ఆ ఫాంటు లేనిదే యావ్రాఁతకు నర్థము లేదు. భారతీయభాషల కన్నిటికి నొక్క సంఖ్యాక్రమము నేర్పఱచిన 'ఇస్కీ' 1991లో భారతప్రమాణముగా నంగీకరింపఁబడినది. అందుఁ దెలుఁగు కకారమునకును నాగరి కకారమునకును నొకటే సంఖ్య. ఆ యేఁటనే వెలువడిన యూనికోడు ఇస్కీ పూర్వరూపమునుబట్టియే తెలుఁగునకు 128 స్థానములు కేటాయించినది. అయినను ముద్రణాలయములు పెక్కేండ్లు తమతమ ఫాంటులనే వాడుకొనినవి.

అమెరికాలోని రైసు విశ్వవిద్యాలయమునఁ బుట్టిన లిప్యంతరీకరణపద్ధతి, ఆర్‌టీఎస్ అని ప్రసిద్ధమైనది, ఇచట నొక పాఠము నేర్పుచున్నది. అందుఁ దెలుఁగును సామాన్యమైన రోమనక్షరములతోఁ, బెద్దచిన్నయక్షరముల భేదముతో వ్రాయుదురు. చూచుటకు సొంపు లేదు. కాని యట్లు వ్రాసినవి నేఁడు నే యంత్రమునైనను జదువఁబడును, సులభముగా యూనికోడునకు మాఱును. సొంపైన ఫాంటులలోని వ్రాఁతలే మూగవోయినవి.

సీ.పీ. బ్రౌను దొర కడపలోఁ బండితులను గూర్చి ప్రతులను సరిపోల్పించి శుద్ధప్రతులు వ్రాయించెను. 1911లోఁ బుట్టిన ఆంధ్రసాహిత్య పరిషత్తు తాళపత్రములను సేకరించెను. ఫ్లాపీల విషయమునను జేయవలసిన దదియే. ముందుగా వ్రాఁతకు రక్షణ యొనర్పవలెను: అయిదుంబావు అంగుళములదాని గంటును మూయవలెను, మూఁడున్నరదాని రంధ్రమును దెఱవవలెను. పిదప క్రయోఫ్లక్సు, గ్రీజ్‌వీజిల్ వంటి పరికరములతో నందలి యయస్కాంతపు మార్పుల నున్నవి యున్నట్లు గ్రహింపవలెను. ఫైలుతోఁ గూడ దాని ఫాంటును భద్రపఱుపవలెను. కడపట యూనికోడునకు మార్చి, మూలముతోఁ బోల్చి దిద్దవలెను. తాటాకునకు మఱియొక తరము వేచియుండు నోర్పు గలదు, ఫ్లాపీకి లేదు. వ్రాసినవారును, ఆ ఫాంటు నెఱిఁగినవారును జీవించియుండఁగనే యీ పని కావలెను.