ముందు జలుబా, ముందు ఉబ్బసమా?

మా ఇంట్లో పన్నెండేళ్ళుగా నానుతున్న పంచాయితీ ఒకటుంది. మావాడికి ఉబ్బసం ఎలా వచ్చిందన్నది కేసు. మా అమ్మ వాదన ప్రకారం అది మా నాన్న పోలిక. నాన్నకి చిన్నప్పట్నుంచీ ఆయాసం. చలికాలం వచ్చిందంటే మూడు దిండ్లు వీపుకి ఆనించుకుని కూర్చునే నిద్రపోయేవాడు. మా ఆవిడ వాదన ప్రకారం 2012 డిసెంబర్లో మూడు నెలల పసివాణ్ణి నేను పట్టుబట్టి పాట్‌లక్‌కి తీసుకెళ్ళడమే కారణం. గమనించారో లేదో, తీర్పు ఎటు వచ్చినా ముద్దాయిని మాత్రం నేనే :-)

ఇప్పుడు నవ్వొస్తోంది గానీ అప్పుడు ఎవరికీ నవ్వు లేదు. పాట్‌లక్‌లో ముక్కు కారుతున్న పిల్లలు ఓ ఇద్దరున్నారు. నాలుగైదు రోజులకి మావాడికి జలుబు. జలుబే కదా అనుకున్నాం. ఇంకో రెండ్రోజులకి పాలు తాగడం మానేశాడు. మా అమ్మ స్కైప్‌లో చూసి "ఒరేయ్, వాడు డొక్కలెగరేస్తున్నాడు, ముందు ఆస్పత్రికి పరిగెత్తండి" అంది. పరిగెత్తాం. నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఆరెస్వీ అన్నారు, దాని వల్ల ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాలు వాచి బ్రాంకియోలైటిస్ అయిందన్నారు. ఇంటికి పంపించేటప్పుడు డాక్టరుగారు "ఇలా ముదిరిన పిల్లల్లో కొందరికి తర్వాత పిల్లికూతలు, ఉబ్బసం వస్తుంటాయి, కాస్త గమనిస్తూ ఉండండి" అన్నారు. "ఈ వైరస్ వల్ల వస్తుందా, లేక రాసిపెట్టి ఉన్న పిల్లలకే వైరస్ ఇలా ముదురుతుందా?" అని అడిగాను. ఆవిడ నవ్వి "అది తేల్చలేకే మేమూ కొట్టుకుంటున్నాం" అన్నారు.

(మా అమ్మ ఆ జూన్‌లో మృగశిర కార్తెకి వాణ్ణి హైదరాబాద్ తీసుకొచ్చేయమంది, చేపమందు వేయించడానికి. తొమ్మిది నెలల పిల్లాడి గొంతులో బతికున్న చేపపిల్లా! అన్నాను. ఆ కథ వేరే.)

ఆవిడ అన్నమాట నాకు చాలాకాలం బుర్రలో తిరిగింది. మన వృత్తిలో ఇది రోజూ చూసేదే. సర్వర్ పడిపోతుంది. నిన్న రాత్రి ఎక్కించిన కోడ్ వల్లే అని అందరూ దాని మీద పడతారు. తీరా తవ్వితే అసలు బగ్ మూడేళ్ళ కిందటిది, నిన్నటి కోడ్ దాన్ని బయటపెట్టిందంతే. మనం అయితే పాత కోడ్‌కి వెనక్కి వెళ్ళి చూసుకుంటాం. పిల్లల్ని వెనక్కి తీసుకెళ్ళలేం కదా. వైద్యులకి ఇన్ని దశాబ్దాలు ఎందుకు పట్టిందో చదువుతూ పోతే తేలిందేమిటంటే, వాళ్ళకి తెలివి చాలక కాదు, వైరస్‌ని ఆపి చూసే సాధనం చేతిలో లేక.

కథ 1956లో కోతులతో మొదలవుతుంది. కోతులంటే చింపాంజీలు. అమెరికా సైన్యం వాళ్ళ వాల్టర్ రీడ్ పరిశోధనా సంస్థలో 14 చింపాంజీలకి ఒకేసారి జలుబు చేసింది. ముక్కుల్లోంచి ఒక కొత్త వైరస్ దొరికితే దానికి "చింపాంజీ జలుబు కారకం" అని పేరు పెట్టేశారు. మరుసటేడే రాబర్ట్ ఛానక్ అనే శాస్త్రవేత్తకి బాల్టిమోర్‌లో జబ్బుపడ్డ పసిపిల్లల దగ్గర అదే వైరస్ దొరికింది. చూడగా చూడగా అది పిల్లల వైరసే, పాపం చింపాంజీలకే మన నుంచి అంటుకుందని తేలింది. కణాలన్నిటినీ కలిపేసి ఒకే ముద్ద చేస్తుంది కాబట్టి రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్ అన్నారు. అదే ఆరెస్వీ. రెండేళ్ళు నిండేలోపు దాదాపు ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఇది ఒకసారైనా వస్తుంది. ఆస్పత్రి దాకా వెళ్ళేది నూటికి ఇద్దరో ముగ్గురో.

బ్రాంకియోలైటిస్‌కీ ఉబ్బసానికీ ఏదో చుట్టరికం ఉందన్న అనుమానం కొత్తది కాదు. 1959లోనే విట్టిగ్, గ్లేజర్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు అలాంటి 100 మంది పిల్లల్ని వెంబడించి రాశారు. అయితే ఏంటి చుట్టరికం? తేల్చాలంటే మార్గం ఒక్కటే. కొంతమంది పిల్లలకి ఆరెస్వీ రాకుండా ఆపాలి, కొంతమందిని అలా వదిలెయ్యాలి, పెద్దయ్యాక రెండు గుంపుల్లో ఉబ్బసం లెక్కపెట్టాలి. ఆపాలంటే టీకా కావాలి.

టీకా వచ్చింది కూడా. అసలు విషాదం ఇక్కడే. 1955లో పోలియో టీకా ఫార్మలిన్‌తో వైరస్‌ని చంపి చేసిందే కదా, అదే పద్ధతిలో దీన్నీ చంపి టీకా చేశారు. 1966లో అమెరికాలో పసిపిల్లల మీద పరీక్షించారు. రక్తంలో యాంటీబాడీలు బాగా కనబడ్డాయి, అందరూ సంతోషించారు. ఆ చలికాలం వైరస్ వచ్చింది. వాషింగ్టన్‌లో టీకా వేసుకున్న పసివాళ్ళు 31 మంది. అందులో 20 మందికి ఆరెస్వీ సోకింది. ఆ 20లో 16 మంది ఆస్పత్రి పాలయ్యారు, ఇద్దరు చనిపోయారు. ఈ టీకా వేసుకోని గుంపులో సోకినవాళ్ళలో ఆస్పత్రికి వెళ్ళింది 5 శాతమే. అంటే కాపాడాల్సిన టీకా జబ్బుని ముదరబెట్టింది. ఆ యాంటీబాడీలు వైరస్‌కి అతుక్కునేవే గానీ దాన్ని అడ్డుకోలేకపోయాయి.

ఆ ఇద్దరు పిల్లల తల్లిదండ్రుల గురించి ఎక్కడా నాలుగు వాక్యాలు దొరకలేదు నాకు. నా పాట్‌లక్ అపరాధభావం వాళ్ళ ముందు ఏపాటిది? మంచి చేద్దామనే కదా వాళ్ళూ చెయ్యి పట్టుకుని ఇచ్చింది.

ఆ దెబ్బకి పసిపిల్లలకి ఆరెస్వీ టీకా అంటేనే అందరూ భయపడిపోయారు. దశాబ్దాలు గడిచిపోయాయి. ఆపడం కుదరదు కాబట్టి మిగిలింది చూస్తూ కూర్చోవడమే. కానీ కొందరు ఎంత ఓపిగ్గా చూశారంటే, ఆ ఓపికకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. స్వీడన్‌లో బోరోస్ అనే ఊళ్ళో నేలే సిగుర్స్ అనే వైద్యురాలు 1989-90 చలికాలంలో ఆరెస్వీతో ఆస్పత్రిలో చేరిన 47 మంది పసివాళ్ళనీ, పోల్చడానికి 93 మంది మామూలు పిల్లల్నీ ఎంచుకున్నారు. మూడేళ్ళకి ఉబ్బసం మొదటి గుంపులో 23 శాతం, రెండోదాంట్లో 1 శాతం. ఏడున్నరేళ్ళకి 30, 3. పద్దెనిమిదేళ్ళకి ఉబ్బసమో, మళ్ళీ మళ్ళీ వచ్చే పిల్లికూతలో ఉన్నవాళ్ళు 39, 9. పద్దెనిమిదేళ్ళ తర్వాత కూడా 47 మందిలో 46 మంది వచ్చి పరీక్షకి కూర్చున్నారు! మన ప్రాజెక్టుల్లో ఆరు నెలల తర్వాత అదే టీమ్ ఉంటే గొప్ప.

ఇది చూస్తే మా ఆవిడ గెలిచినట్టే. కానీ అమెరికాలో ఆరిజోనా ఎడారిలోని టూసాన్‌లో 1980లో మొదలై 1246 మంది పిల్లల్ని పుట్టినప్పట్నుంచీ గమనించిన ఇంకో అధ్యయనం ఉంది. ఫెర్నాండో మార్టినెజ్ బృందం 1988లో ఒక చిత్రమైన సంగతి బయటపెట్టింది. ఏ జబ్బూ రాకముందే, నెలల పిల్లలుగా ఉన్నప్పుడే కొందరి ఊపిరి ప్రవాహం తక్కువగా ఉంది. తర్వాత పిల్లికూతలొచ్చింది ఎక్కువగా వాళ్ళకే. అంటే బగ్ ముందే ఉంది! 1999లో అదే ఊరి లెక్కలతో ఇంకోమాట. ఆరెస్వీ పడ్డ పిల్లలకి ఆరేళ్ళ వయసులో పిల్లికూతలు ఎక్కువే, కానీ పదమూడేళ్ళొచ్చేసరికి తేడా చెరిగిపోయింది. (స్వీడన్ పిల్లలు ఆస్పత్రిలో చేరినవాళ్ళు, టూసాన్‌లో ఎక్కువమంది అంత ముదరనివాళ్ళు. రెంటినీ పక్కపక్కన పెట్టేటప్పుడు ఇది మర్చిపోకూడదు.) 2009లో డెన్మార్క్‌లో 8280 కవల జంటల లెక్కలు తీసి, ఆరెస్వీ ఉబ్బసాన్ని తెస్తోందనడం కన్నా ఉబ్బసపు వారసత్వం ఉన్నవాళ్ళకే ఆరెస్వీ ముదురుతోందనడం లెక్కకి బాగా సరిపోతోందన్నారు. మా అమ్మకి ఈ సంగతి ఇంతవరకూ చెప్పలేదు.

దానికి ఏడాది ముందు, 2008లో, ఇంకో రెండు సంగతులు. విస్కాన్సిన్‌లో అలర్జీ కుటుంబాల పిల్లల్ని చూసినవాళ్ళు, మొదటి మూడేళ్ళలో ఆరెస్వీ కన్నా మామూలు జలుబు వైరస్ రైనోతో పిల్లికూతలొచ్చినవాళ్ళకే ఉబ్బసం ముప్పు చాలా ఎక్కువని చెప్పారు. టెన్నెసీ వాళ్ళది మాత్రం నాకు భలే నచ్చింది. 95 వేలమందికి పైగా పిల్లల పుట్టినరోజులు తీసుకుని, ఎవరికి ఉబ్బసం ఎక్కువో చూశారు. చలికాలపు వైరస్ ఉధృతికి సుమారు నాలుగు నెలల ముందు పుట్టినవాళ్ళకి. తాతగారి పోలిక పుట్టిన నెలని బట్టి మారదు కదా! మావాడు పుట్టింది సెప్టెంబర్లో. ఆ పేపర్ చదివిన రోజు రాత్రి కేలండర్ ముందు వేళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఈలోగా ఆపే సాధనం ఒకటి వచ్చింది. టీకా కాదు, తయారుచేసిన యాంటీబాడీని నెలనెలా సూదిలో ఎక్కించడం. పాలివిజుమాబ్ అని, 1998లో అనుమతి. ఖరీదు ఎంతంటే నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకీ, గుండెజబ్బున్నవాళ్ళకీ మాత్రమే, అదీ డబ్బున్న దేశాల్లో. దాంతో నెదర్లాండ్స్‌లో నెలలు నిండని 429 మంది పిల్లల మీద అసలైన ప్రయోగం జరిగింది. 2013లో ఫలితం: మొదటి ఏడాదిలో పిల్లికూతల రోజులు 61 శాతం తగ్గాయి. పండగ! ఆరేళ్ళు నిండాక మళ్ళీ చూశారు. ఉబ్బసం తగ్గిందని తల్లిదండ్రులు చెబుతున్నారు, కానీ ఊదించి కొలిస్తే ఊపిరితిత్తుల్లో తేడా లేదు. 2015లో నవాహో, అపాచీ తెగల పిల్లల్లో దాని తమ్ముడులాంటి మందుతో ఆస్పత్రి చేరికలు 87 శాతం ఆగాయి, కానీ ఒకటి నుంచి మూడేళ్ళ వయసులో పిల్లికూతలు ఏమీ తగ్గలేదు. మళ్ళీ మొదటికొచ్చింది.

టీకా చిక్కు కూడా 2013లోనే విడిపోయింది. జేసన్ మెక్‌లెల్లన్, బార్నీ గ్రాహమ్ వాళ్ళు కనిపెట్టిందేమిటంటే, వైరస్ పైనున్న ఎఫ్ ప్రొటీన్‌కి రెండు రూపాలు, కణంలోకి దూరకముందు ఒకటి, దూరాక ఇంకొకటి. పనికొచ్చే యాంటీబాడీలు ఎక్కువగా పట్టుకునేది మొదటి రూపాన్ని. 1966 టీకాలో ఆ రూపం మిగల్లేదు. ఆ మొదటి రూపాన్ని మారకుండా బిగించే కిటుకు పట్టుకున్నారు. అదే ఆలోచన తర్వాత కరోనా వైరస్‌కి వాడారు, 2020లో ఫైజర్, మోడర్నా టీకాల్లోకి వచ్చింది. (కోవిషీల్డ్‌లో ఆ బిగింపు లేదు, అది వేసుకున్నవాళ్ళు ఈ గొప్పలో వాటా అడక్కండి.) 2023లో అమెరికాలో గర్భిణులకి వేసే ఆరెస్వీ టీకాకీ, పసివాళ్ళకి ఒక్క డోసుతో చలికాలమంతా పనిచేసే నిర్సెవిమాబ్‌కీ అనుమతి వచ్చింది. 1966 నుంచి లెక్కేస్తే 57 ఏళ్ళు. 2019లో ఒక్క ఏడాదే ప్రపంచంలో ఐదేళ్ళలోపు పిల్లలు లక్షమందికి పైగా దీనితో పోయారని అంచనా, దాదాపు అందరూ పేద, మధ్యాదాయ దేశాల వాళ్ళే. ఉబ్బసం పంచాయితీ బతికి బయటపడ్డవాళ్ళకే.

అదే 2023లో టెన్నెసీ నుంచి మరో లెక్క. మావాడి ఈడు వాళ్ళే, 2012, 2013ల్లో పుట్టినవాళ్ళు. పుట్టిన మొదటి ఏడాదిలో ఆరెస్వీ సోకనివాళ్ళలో ఐదేళ్ళకి ఉబ్బసం 16 శాతం, సోకినవాళ్ళలో 21. తేడా ఉంది, కానీ బోరోస్ అంత లేదు. నామట్టుకు నాకు ఇద్దరికీ సగం సగం తీర్పిచ్చేయాలనిపిస్తోంది. నాన్న ఇచ్చిన సన్నటి గొట్టాల మీద పాట్‌లక్ వైరస్ పడిందని. ఇది నా ఊహే, మావాడి విషయంలో రుజువు చెయ్యడానికి దారి లేదు.

మా తమ్ముడు వాళ్ళు డాలస్‌లో ఉంటారు. 2024 అక్టోబర్లో మా మరదలు 33వ వారంలో ఆ టీకా వేయించుకుంది, నవంబర్లో పాప పుట్టింది. మొదటి చలికాలం ఒక్క తుమ్ము కూడా లేకుండా గడిచింది. తాత అదే తాత, వైరస్ లేదు. శాంపిల్ సైజు ఒకటి :-) పాపకి ఆరేళ్ళు 2030లో వస్తాయి. ఈ సంగతంతా మొన్న అమ్మకి ఫోన్లో అరగంట సేపు చెప్పాను. ఓపిగ్గా అంతా విని "అయితే మీ నాన్న పోలిక కాదంటావు" అంది. వెనక నుంచి మా ఆవిడ "కాదనే చెబుతున్నారత్తయ్యా" అంది.